బొటనవేలి కింది గుంట

ముప్పై ఏళ్లుగా అందరి ఎముకలకూ ఎక్స్‌రేలు తీసిన పెద్దాయన ఆ ఉదయం ఆస్పత్రి మెట్ల మీద జారి, అరచెయ్యి మోపి పడ్డాడు. ఇప్పుడు తన ఎక్స్‌రే తనే పట్టుకుని డాక్టరమ్మ ముందు నీరసంగా కూర్చున్నాడు.

“చూడండమ్మా, గీత కూడా లేదు. పంపించేయండి.”

“మణికట్టులో ఆ చిన్నెముక విరిగితే మొదటిరోజు కనిపించకపోవచ్చని నాకు చెప్పిందే మీరు కదా, బాబాయ్!”

“నోరు ఊరుకోక చెప్పుంటాను.”

“సిమెంటు కట్టు వేస్తాను. పది రోజులాగి మళ్లీ ఎక్స్‌రే తీద్దాం.”

“కట్టేస్తే మీ పిన్నిని మంచం మీంచి ఎవరు లేపుతారు? కాళ్లు పడిపోయిన మనిషి. రోజుకు ఆరుసార్లు ఎత్తాలి.”

డాక్టరమ్మ అతని చెయ్యి బల్ల మీద పెట్టించింది.

“సరే, బొటనవేలి కింద ఈ గుంటలో నొక్కుతాను. నొప్పి లేకపోతే వెళ్లిపోండి.”

అతను ముఖం గోడవైపు తిప్పుకుని పళ్లు బిగించాడు.

“అబ్బే, ఏమాత్రం నొప్పి లేదమ్మా.”

“బాబాయ్, నేనింకా నొక్కనే లేదు.”

అతను ఇటు తిరిగాడు. ఆమె వేలు ఇంకా గాల్లోనే ఉంది.

“వేసెయ్యండమ్మా,” అన్నాడు చివరికి. “వేళ్లు మాత్రం వదిలెయ్యండి. ఎత్తలేకపోయినా, ఆవిడ పట్టుకోడానికైనా ఉంటాయి.”