పిలిచి తెచ్చుకున్న జ్వరం

ఆసుపత్రి గదిలో దర్జీ మంచం మీద జ్వరంతో మూలుగుతున్నాడు. ఒక పక్క తల్లి, ఇంకో పక్క భార్య.

“ఆ తడిగుడ్డ ఇలా ఇవ్వవే. ఒళ్లు పెనంలా కాలిపోతోంది.”

“వద్దత్తయ్యా. జ్వరం హద్దు దాటితే ఆసుపత్రి వాళ్లే దింపుతారట. అందాకా ఉండనివ్వమన్నారు.”

“ఎవరే ఆ మాటన్నది?”

“డాక్టరమ్మే. ఈ జ్వరం తెచ్చే క్రిముల్ని సూదితో ఎక్కించింది కూడా ఆవిడే. మెడ మీద గడ్డ ఏ మందుకీ లొంగలేదు కదా! క్రిముల మీదికి లేచిన ఒళ్లు గడ్డ మీద కూడా పడుతుందేమో చూద్దామన్నారు. ప్రాణం మీదికి రావచ్చనీ చెప్పారు. ఈయనే సరేనన్నారు.”

“ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టుంది! నాకో మాట చెప్పొద్దూ?”

“చెబితే ఒప్పుకునేవారా? ఇటు చూడండి. సూది వేయకముందు గడ్డ అంచు వెంబడి ఈయన నాచేత పెన్నుతో గీయించారు. బట్టకి గీసినట్టు సరిగ్గా గీయమని ఒకటే పోరు.”

“గీత ఇక్కడుంది. మరి గడ్డేదీ?”

“లోపలికి తగ్గింది. చుట్టూ వేలెడు వదులొచ్చింది. తాకి చూడండి.”

“అమ్మో... రాయిలా ఉండేది కదే, మెత్తబడింది!”

“పొద్దున నేనూ నమ్మలేక రెండుసార్లు తడిమి చూశాను.”

తల్లి తడిగుడ్డను బకెట్ అంచున ఆరేసింది. కొడుకు నుదుటి మీద అరచేయి ఆనించి, గొంతు తగ్గించి ఆ జ్వరంతోనే మాట్లాడింది.

“వీడి చిన్నప్పటి నుంచీ నువ్వొచ్చినప్పుడల్లా వెళ్లగొట్టాను. మనసులో పెట్టుకోకు. ఇంకాసేపుండి పోదువుగాని, తల్లీ.”