చింతగింజంత రాయికి జానెడు కోతెందుకు?

1978 జులై 12న డాక్టర్ ప్రసన్నకుమారి గారు తిరుపతిలోని మా ఆసుపత్రి శస్త్రచికిత్స విభాగంలో సహాయ వైద్యురాలిగా చేరారు. ఉత్తర్వు అందుకున్న గుమాస్తా తలెత్తి చూసి, "కాన్పుల వార్డు పక్క భవనమమ్మా" అన్నాడట. "తెలుసప్పా. నేను వచ్చింది కోతల వార్డుకే" అన్నారట ఆమె. బంగారుపాళ్యం మామిడితోటల్లో పెరిగిన ఆ గొంతు ముప్ఫై యేళ్ళ సేవాకాలంలో ఏనాడూ తగ్గలేదు. తగ్గించుకొమ్మని హితవు చెప్పిన పెద్దలే ఒక్కొక్కరుగా పదవీ విరమణ చేసి వెళ్ళిపోయారు. నేడు ఆమె వంతు వచ్చింది.

మన సీమ ఎండలకు, తాగే నీళ్ళు చాలక, పసిపిల్లల మూత్రపిండాల్లోనూ రాళ్ళు ఏర్పడటం మనందరం ఎరిగినదే. తొలి సంవత్సరాలలో ప్రసన్నకుమారి గారు కూడా అందరిలాగే నడుము పక్కన కోసి రాయి తీశారు. అయితే కొందరు పిల్లలు మళ్ళీ రాళ్ళతో తిరిగి వచ్చినప్పుడు, మానిన గాటు మీదనే మళ్ళీ కత్తి పెట్టవలసి రావడం ఆమెకు మింగుడుపడలేదు. మద్రాసు వెళ్ళి, వీపున చిన్న రంధ్రం గుండా సన్నని గొట్టం పంపి, రాయిని లోపలే పొడి చేసే విద్యను అభ్యసించి వచ్చారు. "చింతగింజంత రాయికి జానెడు కోతెందుకు?" అని ప్రతి సమావేశంలోనూ అడిగారు. పరికరాలు పెద్దవాళ్ళ కొలతవి, పిల్లలకు పనికిరావు అన్నదే ప్రతిసారీ ఆమెకు దక్కిన సమాధానం.

1999 వేసవిలో పాకాల నుంచి మునెమ్మ తన ఏడేళ్ళ మనుమరాలు భానుశ్రీని ఎత్తుకొచ్చింది. రాళ్ళ వల్ల ఎడమ మూత్రపిండం చెడి, అంతకుముందే తీసివేశారు. మిగిలింది కుడిది ఒక్కటే. దాన్నీ ఒకసారి కోశారు, అందులో మళ్ళీ రాయి. రెండోసారి కోస్తే అది నిలుస్తుందో లేదో ఎవరూ చెప్పలేని స్థితి. ప్రసన్నకుమారి గారు పిల్లల మూత్రాశయం చూడటానికి వాడే సన్న గొట్టాన్ని బీరువాలోంచి తీసి, దీనితో వీపు వైపు నుంచి వెళతానన్నారు.

"బిడ్డకేమైనా అయితే ఎవరమ్మా జవాబు చెప్పేది?" అన్నారు నాటి విభాగాధిపతి.

"నేనే చెప్తాను సార్. కోసినందుకు ఆ ఒక్క కిడ్నీ పోతే మీరు చెప్తారా?"

ఆయన సంతకం పెట్టారు, సంతోషంతో మాత్రం కాదు. ఆనాడు ఆమెను మొండిఘటమన్నవారిలో కొందరు మన ఆసుపత్రి పత్రిక ఈ సంచికను చదువుతారు. చదవనివ్వండి. చికిత్స చక్కగా జరిగింది. రాయి పొడి అయింది, నీటితో చాలావరకు కడిగివేశారు, మిగిలిన నలుసులు మూత్రంలో పోవలసి ఉంది.

అసలు గొడవ ఆ తరువాత మొదలైంది. తీసిన రాయిని కడిగి, ఖాళీ మందు సీసాలో వేసి ఇంటివారి చేతికివ్వడం మా వార్డు ఆచారం. దాన్ని ఊరికి తీసుకుపోయి దేవుడి గూట్లో పెట్టేవారు కొందరు, చుట్టాలకు చూపించేవారు అందరూ. మునెమ్మకు సీసా రాలేదు. ఆమె వార్డు నడుమ కొంగు దోపి నిలబడింది.

"కోత లేదు, రాయి లేదు! ఈపు మింద సిన్న గుడ్డ అంటించి ఆపరేషన్ సేసినామంటే నమ్మేదానికి మేమేమన్నా ఎర్రోళ్ళమా? రాయి యాడుండాదో సూపీండి!"

ఎక్స్‌రే చూపిస్తే, "ఆ నల్ల కాగితం నాకెందుకు?" అంది. చుట్టూ మంచాలవాళ్ళు వంతపాడారు. ఫిర్యాదు పైదాకా పోయేలా ఉందని విభాగాధిపతి కంగారుపడి, బీరువాలో ఎవరో వదిలిపోయిన పాత రాళ్ళున్నాయి, ఒకటి సీసాలో వేసి ఇచ్చేయండి అన్నారు.

"ఇంకో బిడ్డ రాయి ఆమె చేతిలో పెట్టి నా పని నిజమని చెప్పుకోను సార్. ఫిర్యాదు చేస్తే చేయనీండి" అన్నారు ప్రసన్నకుమారి గారు. ఫిర్యాదు నిలిస్తే ఆ సన్న గొట్టం మళ్ళీ బీరువాలోకి పోతుందని, తరువాత వచ్చే పిల్లలకు మళ్ళీ కత్తే గతి అని తెలిసే ఆ మాట అన్నారు. ఆ తరువాత నేరుగా మునెమ్మ పక్కన మంచం మీద కూర్చున్నారు.

"బియ్యంలో రాళ్ళు ఏరతావు గదా అవ్వా?"

"ఏరకుండా ఎవురన్నా వండుతారా?"

"అయితే ఇదీ నువ్వే ఏరు" అని తెల్లని పలుచని గుడ్డ ఒకటి చేతిలో పెట్టారు. "బిడ్డ ఒంటికి పోయినప్పుడల్లా దీంట్లో వడగట్టు."

మునెమ్మ మూతి ముడుచుకుంది గానీ, చెప్పినట్టే చేసింది. మరునాడు గుడ్డ మీద మిగిలినదాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసింది. "ఇసక! నా బిడ్డ కడుపులో ఇంత ఇసక ఉండెనా!" అంటూ అదే గుడ్డ పట్టుకుని, నిన్న వంతపాడిన ప్రతి మంచం దగ్గరికీ వెళ్ళి చూపించింది. ఫిర్యాదు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అవ్వలకు, అమ్మలకు వడగట్టే గుడ్డ ఇవ్వడమే నాటి నుంచి మా వార్డు ఆచారమైంది.

అనంతరం విభాగాధిపతి బాధ్యతలు స్వీకరించిన ప్రసన్నకుమారి గారు పిల్లల కొలతకు తగిన పరికరాలు వచ్చేవరకు అధికారుల గుమ్మాలు వదలలేదు. 2008 ఆగస్టు 31న జరిగే వీడ్కోలు సభలో ఏం కావాలని అడిగితే, "శాలువాలు వద్దు. నేను పోయినాక ఆ గొట్టాలు బీరువాలో పెట్టి తాళం వేయకండి, అంతే" అన్నారు. వేయము. ఇది విభాగం తరఫున అచ్చులో ఇస్తున్న మాట.

భానుశ్రీ ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, ఆ ఒక్క మూత్రపిండంతోనే. సభకు రమ్మని కబురు పంపితే మునెమ్మ ఇలా చెప్పి పంపింది: "ఆ పొద్దు కోత లేదని ఆయమ్మతో కొట్లాడినాను. ఈ పొద్దు ఆపరేషనయితే కోత యాడ అని అడిగేవోళ్ళతో కొట్లాడతా ఉండాను. వస్తా ఉండామని సెప్పు."

ఆ బిడ్డ కోసం ఆనాడు ఏ నిండు ఆయుష్షును కోరి అందరినీ ఎదిరించారో, అదే ఆయుష్షు, అదే ఆరోగ్యం ప్రసన్నకుమారి గారికీ కలగాలని మేమందరం మనసారా ఆకాంక్షిస్తున్నాము. కాదంటే ఒప్పుకోము.