ఫ్రిజ్‌లో బండి తాళం

తమ్ముడు బొగ్గుబాయి డ్యూటీకి తయారవుతున్నాడు. పాల కోసం ఫ్రిజ్ తెరిచిన అక్కకు ఇన్సులిన్ డబ్బా మీద అతని బండి తాళం కనిపించింది.

“నీకు సోయి ఉన్నదారా? తాళం ఫ్రిజ్‌ల పెడ్తరా ఎవలన్న?”

“సోయితోనే పెట్టినక్కా. నాది ధ్యాస నిలవని జబ్బని డాక్టరమ్మ చెప్పింది గదా. మొన్న ఇన్సులిన్ ఏసుకున్నది మర్చిపోయి, మళ్ల ఏసుకుని పడిపోతి. ఇప్పుడు ఏసుకున్నంకనే తాళం తీస్త. జేబుల తాళముంటే ఏసుకున్నట్టే.”

“అవ్, మంచిగనే ఉన్నది. మరి ఏసుకున్నంక తినాలె గదా? నిన్న తిన్నవా?”

“అది గూడ మర్చిపోయినక్కా.”

తిట్టబోయిన అక్క ఆగింది. కంచంలో అన్నం పెట్టి, మూతేసి, గోడకున్న అతని హెల్మెట్ తీసి ఆ మూత మీద పెట్టింది.

“పోయి తాళం తెచ్చుకో. హెల్మెట్ రోజూ గీడనే ఉంటది.”