నాంచారి మింగిన మన్ను

నాంచారి అని కుమ్మరోళ్ల ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు. అత్త వీరమ్మ మొదటి వారమే మన్ను చూడ్డం నేర్పిందంట. ఎట్లా చూస్తారంటే, తొక్కిన మట్టి చిటికెడు నోట్లో వేసుకుని పళ్ల కింద నూరతారు. కరకరమంటే ఇసకుంది, మెత్తగా జారితే కుండకి పనికొస్తది. అంతవరకూ బాగుంది. కానీ అత్త ఇంకో మాటంది: "మనకి కూడెట్టే తల్లే ఇది. కుండలు చేసే సారె చక్రం దగ్గర ఉమ్మావంటే కళ్లు పోతాయి." బయటికి పోయి ఉమ్మమని ఆవిడ ఉద్దేశం. పిల్లకేం తెలుసు, భయపడి మింగేసింది. రోజుకి పది ముద్దలు చూస్తే పది చిటికెలూ కడుపులోకే అనుకోండి.

ఏమైందంటే, రెణ్ణెల్లకి తల తిరగడం మొదలైంది. మొహం పాలిపోయింది, చేతుల్లో వణుకు, పట్టుకున్న కుండ జారిపోవడం. ఊరికే గుండె దడదడలాడేది, వెనకెవరో నిలబడ్డట్టు ఉలిక్కిపడేది. "నా ఒంట్లో ఎవరో ఉన్నారత్తా!" అని ఏడ్చిందంట. ఆ మాట చాలదూ! భూతవైద్యుడు బుడ్డయ్య దిగాడు. "వేపమండకి లొంగే రకం కాదమ్మా ఇది, నుదుట వాత పెట్టాల్సిందే" అన్నాడు. నాంచారి చేతులు గుంజకి కట్టారు. కుంపట్లో పసుపుకొమ్ము ఎర్రగా కాలుతోంది. వాత పడ్డాక అరిచేది నేనా, లోపలున్నదా అనుకుంటూ ఆ కుంపటి వైపే చూస్తోందంట ఆ పిల్ల.

అప్పుడే కుండ కోసం వచ్చింది మంత్రసాని సైదమ్మ. "ఆగరా బుడ్డయ్యా! దయ్యం ఎక్కడికి పోద్ది గానీ, ముందు నన్ను చూడనీ" అని నాంచారి పొట్ట నొక్కింది. "ఓసి నీ దుంపతెగ, రాయిలా ఉందే! దొడ్డికెళ్లి ఎన్నాళ్లే?"

"ఆరు రోజులు, అవ్వా."

"ఏం తిన్నావు?"

"మన్ను. అత్త ఉమ్మొద్దంది."

వీరమ్మ అక్కడే కూలబడి, "ఉమ్మొద్దంటే మింగమనా నా తల్లీ!" అని నెత్తి కొట్టుకుందంట.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి వినండి. తిన్నది అరిగితేనే రక్తం. ఆ రక్తమే కదా నెత్తికీ, చేతులకీ, గుండెకీ అందాల్సింది? కడుపు మూసుకుపోతే పైనెక్కడా బలముండదు, బలం లేనిచోట భయం వచ్చి కూర్చుంటది. సైదమ్మ కట్లు విప్పించి ఆముదం పట్టింది, పల్చటి గంజి తాగించింది. మూడోనాటికి కడుపు కదిలింది. చేతుల వణుకు పోవడానికి మాత్రం నాలుగు నెలలు పట్టిందంట.

బుడ్డయ్య సంగతంటారా? అప్పట్నుంచి ఎవరింటికెళ్లినా, ముందు దొడ్డికి సరిగ్గా అవుతోందా అని అడిగి, తర్వాతే కుంపటి రాజేసేవాడంట. ఆ ఊళ్లో దయ్యాలు సగానికి సగం తగ్గిపోయాయి మరి.