సోమవారం సీసా

(మధ్యాహ్నం. చెరువు కట్ట కింద కాపలాదారు గది. లోపల కాపలాదారు, అతని కూతురు. ఆమె చిన్నపిల్లల బడిలో టీచరు.)

"అయ్యో, కదపకు నాన్నా! పాలకుండలా గుండెల మీద పెట్టుకుని మోసుకొచ్చా దాన్ని."

"నీళ్ల సీసాకి ఇంత మర్యాదేంటే? బల్ల మీద చోటు లేదని పక్కకి జరుపుతున్నా."

"ఉండనీ. కింద చూడు. అడుగున."

"చూశా. బురద."

"బురద అని ఒక్క ముక్కలో తేల్చేయకు. అడుగున ఇసుక, దాని మీద మెత్తటి మట్టి, ఆపైన నీళ్లు. వరసలు కనిపించట్లేదూ?"

"కనిపిస్తున్నాయి టీచరమ్మా. బెత్తం తేలేదు కదా?"

"నవ్వకు నాన్నా. నాకు భయంగా ఉంది."

"బురదని చూసి భయమా? చిన్నప్పుడు అందులోనే పొర్లేదానివి. మీ అమ్మ నిన్ను కడగలేక చచ్చేది."

"వింటావా, వినవా?"

"సరే సరే, చెప్పు."

"ఈ వారం పిల్లలకి రాయి, ఇసుక, మట్టి, నీళ్లు పాఠం. రాయి తాత, ఇసుక కొడుకు, మట్టి మనవడు అని చెప్పా."

"మరి నీళ్లు ఏమవుతాయి? కోడలా?"

"నీళ్లు ఆ ముగ్గుర్నీ ఊరూరా తిప్పేవి. ఎవరింటి దగ్గర దొరికే నీళ్లు వాళ్లని సీసాలో తెమ్మన్నా. కుళాయి, బావి, కాలువ, ఏదైనా సరే. పదహారు మంది తెచ్చారు. కిటికీలో వరసగా పెట్టి, ఒక రాత్రంతా కదపకుండా ఉంచాం. పదిహేను సీసాల్లో అడుగున గోరంత ఉంటే ఎక్కువ. పిచ్చుక సీసాలో మాత్రం రెండు వేళ్ల మందం."

"పిచ్చుకెవరు?"

"కట్ట పక్క రేకుల ఇంట్లో ఉంటుందే, ఐదేళ్ల పిల్ల, ముందు పళ్లు లేవు. వాళ్లింటి దగ్గర నీళ్లంటే ఈ ఊటే. కట్ట అడుగున రాళ్ల సందులోంచి కారుతుందే, అది."

"ఆ పిల్లే గుప్పెడు మట్టి వేసి ఉంటుంది. పిల్లలు కదా."

"నేనూ అదే అనుకున్నా. కోప్పడ్డా కూడా. గుక్కపట్టి ఏడ్చింది. అందుకే ఇవాళ పొద్దున దాన్ని వెంటబెట్టుకుని నేనే వచ్చా. నా చేత్తో నేనే పట్టా. ఇది ఆ సీసా."

"నువ్వొచ్చావా? ఎప్పుడు? నాకు కనపడలేదే."

"ఏడున్నరకి. నువ్వే కనపడలేదు."

"కట్ట మీద తిరుగుతున్నానేమో."

"తలుపు లోపల్నుంచి గడియ వేసి ఉంది నాన్నా."

"మోకాలే... పొద్దున పూట వంగనంటోంది. ఎండెక్కాక దానంతటదే దారికొస్తుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నీ మోకాలిస్తావా?"

"సరే, దాని సంగతి తర్వాత. ఊటలో మట్టి ఎప్పట్నుంచి వస్తోంది?"

"వానలు కదే."

"వాన పడి ఇరవై రోజులైంది."

"గేదెలు దిగి ఉంటాయి."

"రాళ్ల సందులోకి గేదెలెలా దిగుతాయి?"

"నిన్ను లాయరు చదువు చదివించాల్సింది. పొరపాటు చేశాను."

"పిచ్చుక నన్నేమడిగిందో తెలుసా? 'ఈ మట్టి ఎక్కడ్నుంచి వచ్చింది టీచర్?' అంది. నీళ్లు మోసుకొచ్చాయి అన్నా. 'ఎక్కడ్నుంచి?' అంది. కట్టలోంచి అన్నా. 'కట్టలో మట్టంతా బయటికి వచ్చేస్తే, లోపల ఏముంటుంది టీచర్?' అంది."

"ఏం చెప్పావు?"

"మా నాన్నని అడిగొస్తా అన్నా. పిల్లల్ని ఆయాకి అప్పజెప్పి, ఈ సీసా పట్టుకుని ఇలా వచ్చేశా. నువ్వు చెప్పు. లోపల ఏముంటుంది?"

"అదేం ప్రశ్నే!"

"చెప్పు నాన్నా."

"ఇంత లావు కట్ట. నేను పుట్టకముందు కట్టింది. మా నాన్న కాశాడు, నేను కాస్తున్నా. దీనికేమవుతుంది?"

"మా బడి కిటికీ తెరిస్తే ఆకాశం కంటే ముందు ఇదే కనిపిస్తుంది. ఇన్నాళ్లూ అదేదో మాకు అండగా నిలబడినట్టు ఉండేది. ఇవాళ మీద పడేటట్టు ఉంది. పిల్లలు పాట పాడుతుంటే నేను కట్ట వంకే చూస్తున్నా."

"ఊరికే గాబరా పడకు. ఇదిగో, ఈ పుస్తకం చూడు. ప్రతి సోమవారం ఊట నీళ్లు సీసాలో పట్టి ఆఫీసుకి పంపిస్తా. వాళ్లు చూసి రాసి, ముద్ర కొడతారు. నువ్వే చదువు."

"తేట. తేట. ఇదీ తేట... మొన్న సోమవారం కూడా తేటే."

"మరి! ఏడు నెలల్నుంచి ఒక్క వంక లేదు. అన్ని కట్టల్లోకీ మీ సీసాయే శుభ్రం అని మొన్న ఆఫీసులో మెచ్చుకున్నారు కూడా."

"అయితే ఈ మట్టి ఈ రెండు మూడు రోజుల్లోనే మొదలైందన్నమాట."

"ఇందాకట్నుంచి అదే కదా మొత్తుకుంటున్నా."

"ఇందాకట్నుంచి గేదెలన్నావు."

"ఏదో ఒకటి. పద, మంచినీళ్లు తాగి బడికి పో."

"ఇంజనీరు గారికి ఒక్క ఫోన్ చెయ్యి, వెళ్లిపోతా."

"పదకొండు నెలల్లో దిగిపోయేవాణ్ణి. ఇన్నేళ్లలో ఒక్క మాట పడలేదు. ఇప్పుడు పనిగట్టుకుని పేరు చెడగొట్టుకోమంటావా?"

"నువ్వు చేస్తావా, నన్ను చెయ్యమంటావా?"

"మొండిఘటం! అచ్చం మీ అమ్మ పోలికే. ఇదిగో, మోగుతోంది. నువ్వే మాట్లాడు. స్పీకర్లో పెట్టా."

"హలో?"

"ఇంజనీరు గారా? నమస్తే సార్. కట్ట కాపలాదారు గారి అమ్మాయిని. ఈ కట్ట కిందే పిల్లల బడిలో టీచర్ని."

"చెప్పండమ్మా. నాన్నగారికి ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉన్నారు సార్. ఊటలో మట్టి వస్తోంది."

"మట్టా? ఎంత?"

"సీసాకి రెండు వేళ్ల మందం. అడుగున ఇసుక కూడా ఉంది."

"ఎప్పట్నుంచి?"

"అదే తెలియట్లేదు సార్. మట్టి వస్తే ప్రమాదమా?"

"చూడండి, కట్టకి ఊట ఉండటం తప్పు కాదు. మనిషికి చెమట పట్టినట్టే. తేటగా వస్తే భయం లేదు. మట్టితో వచ్చిందంటే లోపల నీళ్లు దారి తొలుచుకుంటున్నాయని అర్థం. నెలల తరబడి అలా వస్తుంటే మాత్రం..."

"వస్తుంటే?"

"ఫోన్ పెట్టేసి ముందు పిల్లల్ని గుట్ట ఎక్కించమనేవాణ్ణి. తూములన్నీ ఎత్తించేవాణ్ణి. కానీ ఇక్కడ అలా లేదు కదా. రికార్డు నా ముందే ఉంది. ఏడు నెలలుగా తేట. మీ నాన్నగారి సీసా అంటే నాకు నమ్మకం. ఏదో రాయి జరిగి పైపై మట్టి కదిలి ఉంటుంది. సాయంత్రం వచ్చి చూస్తా."

"అయితే పిల్లల్ని ఇప్పుడు..."

"ఊరిని బెదరగొట్టకండి. తొక్కిసలాట జరిగితే అదింకో గొడవ. ఒక పని చెయ్యండి. నాన్నగారిని ఇప్పుడే ఒక సీసా పట్టమనండి, ప్రతి సోమవారం ఎలా పడతారో అలాగే. నేను లైన్లోనే ఉంటా."

"విన్నావుగా నాన్నా? లే. నా భుజం పట్టుకో. మెల్లిగా."

"ఏడున్నరకి రమ్మంటే కష్టం గానీ, ఇప్పుడు బాగానే నడవగలను. చెయ్యి వదులు."

"జాగ్రత్త, ఆ రాయి పాకుడు పట్టింది. నాన్నా, చూడు, పొద్దున ఇంత లావు లేదు ఊట. నా బొటనవేలంత ఉండేది."

"నీ కళ్లకి అలా కనిపిస్తోంది. ఆ ఖాళీ సీసా ఇలా ఇవ్వు."

"నీ భుజం మీది తువ్వాలు నీళ్లలో పడుతోంది. నేను పట్టుకుంటా, ఇవ్వు."

"ఉండనీ. అది కావాలి."

"ఎందుకు?"

"సీసా మూతికి కట్టాలి."

"మూతికా?"

"కట్టకపోతే సీసాలో మట్టి పడదూ?"

"నాన్నా..."

"ఏంటే అలా చూస్తావు?"

"ఎప్పుడూ ఇలాగే పడతావా?"

"ఎప్పుడూ కాదు. మొదట్లో ఊరికే పట్టి పంపేవాణ్ణి. పోయిన వానల్లో ఒకసారి కాస్త మురికిగా వెళ్లింది. ఆఫీసులో గుమస్తా ఆ సీసా పైకెత్తి అందరికీ చూపించాడు. 'బురద తెచ్చి నా బల్ల మీద పెడతావేంటయ్యా? శుభ్రంగా పట్టడం కూడా చేతకాదా?' అన్నాడు. అందరూ నవ్వారు. తల కొట్టేసినట్టయింది. అప్పట్నుంచి వడగట్టే పంపిస్తున్నా."

"హలో? ఏమైందమ్మా? నీళ్లెలా ఉన్నాయి?"

"నాన్నా, వాళ్లు చూసేది నీ శుభ్రం కాదు. అందులో మట్టి ఉందా లేదా అని."

"మట్టి... ఉండాలా?"

"ఉంటే వాళ్లకి కనపడాలి. అందుకే పంపమన్నది."

"నాకెవరూ అలా చెప్పలేదే. సీసా పంపు అన్నారు, పంపా. శుభ్రంగా పట్టమన్నారు, పట్టా."

"ఏడు నెలలు నాన్నా. అంటే ఏడు నెలల్నుంచీ లోపల..."

"హలో! మీకు వినపడుతోందా?"

"తల్లీ, ఇటు చూడు. పిల్లలు ఎంతమందన్నావు?"

"పదహారు."

"పరుగెత్తు. ఆయాకి దారిలోనే ఫోన్ చెయ్యి, చెప్పులు కూడా వేసుకోనివ్వద్దను. గుట్ట మీదికి ఎక్కించెయ్యండి. రేకుల ఇంటివాళ్లని నేను కేకేస్తా. నా ఫోన్ నాకిచ్చి పో."

"నువ్వూ రా. ఆ మోకాలితో తర్వాత ఒక్కడివే ఎలా..."

"పొమ్మంటుంటే! పో!"

"హలో, ఎవరండీ లైన్లో?"

"నేను సార్, కాపలావాణ్ణి. అమ్మాయి పిల్లల దగ్గరికి పోయింది. మీ ముందున్న రికార్డు తప్పు సార్. ఆ సీసాలన్నీ నేను గుడ్డతో వడగట్టి పంపినవి. మొదట్లో ఒక మడత సరిపోయేది. మొన్న సోమవారం నాలుగు వేశా. ఇవాళ ఆ నాలుగూ ఆపట్లేదు సార్."