దిండు ఎత్తు నుంచి

ఈ ఉదయం కుర్చీలు సర్దడానికి నేను వచ్చేసరికి ఈ హాలు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఎవరూ లేరు. గడప బయట మాత్రం మన కొత్త బ్యాచ్ పిల్లలు, ఉతికి ఇస్త్రీ చేసిన యూనిఫాంలో, గోడ వారగా నిలబడి ఉన్నారు. లోపల ఇన్ని కుర్చీలుండగా ఇక్కడెందుకు నిలబడ్డారని అడిగాను. ఒకమ్మాయి అంది: "ఎవరూ రమ్మనలేదక్కా."

రమ్మనవలసిన మనిషి, ఇళ్ళకెళ్ళి చేసే నర్సు పని మనకి నేర్పిన అక్క, ఇక లేదు. అందుకే మనమంతా ఇవాళ ఇక్కడ చేరాం.

బావగారికి, డైరెక్టరు గారికి, డాక్టరు గారికి, అక్క దగ్గర పని నేర్చుకున్న నర్సులందరికీ, మీ ఇంటి మంచం పక్కన ఆమెకి చోటిచ్చిన కుటుంబాలవాళ్ళకి నమస్కారం. మీలో చాలామంది ఇంటి దగ్గర ఎవరినో ఒకరిని మంచం పక్కన కూర్చోబెట్టి, మళ్ళీ త్వరగా వెళ్ళాలన్న ఆదుర్దాతో వచ్చారని నాకు తెలుసు. మీరు గడియారం వంక చూస్తే నేనేమీ అనుకోను. అక్క ఉంటే తనే "ఇక చాలు, బయల్దేరండి" అనేది.

నాకు సభల్లో మాట్లాడటం అలవాటు లేదు. రాసుకొచ్చాను. కాయితం వణికితే పట్టించుకోకండి.

పోయిన గురువారం సాయంత్రం అక్క పని నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ కూలబడింది. గుండె. డాక్టరు గారు వచ్చేలోగానే అయిపోయింది. ఏళ్ళ తరబడి తగ్గని జబ్బుల గురించి జీవితమంతా పాఠం చెప్పిన మనిషి ఒక్క రోజు కూడా మంచం పట్టలేదు. అదృష్టవంతురాలని అందరూ అంటున్నారు. కావచ్చు. మాకు మాత్రం ఆమెకి ఒక్క గ్లాసు నీళ్ళు అందించే వీలు కూడా దొరకలేదు.

అక్కని మేమంతా చాటుగా గడపక్క అనేవాళ్ళం. చాటుగా అంటున్నామని అనుకున్నాం గానీ, ఒకసారి ఎవరో ఫోనెత్తి "ఎవరండీ" అంటే "గడపక్కని" అంది. ఆ రోజుతో చాటు పోయింది.

ఆ పేరెందుకు వచ్చిందో ఈ పిల్లలకి తెలుసు. ఆమె మొదటి పాఠం గడప దగ్గరే. "ఆస్పత్రిలో రోగి మన ఇంటికొస్తాడు. ఇక్కడ మనం ఆయనింటికి వెళ్తున్నాం. తలుపు తీసే ఉన్నా సరే, రమ్మనేదాకా ఆగండి." ఎవరు రమ్మనాలి? కొడుకు కాదు, కోడలు కాదు. మంచం మీద ఉన్న మనిషే రమ్మనాలి.

మాట పడిపోయినవాళ్ళుంటే? అప్పుడు వేలు ఎత్తాలి. అలా వేలెత్తే ఒకాయన ఉండేవారు, బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. ఒకరోజు ఎందుకో అలిగి వేలెత్తలేదు. బయట వాన. అక్క గొడుగు కూడా లేకుండా అలాగే నిలబడింది. చివరికి ఆయన భార్య కేకలేసింది. "ఎత్తవయ్యా మహానుభావా! ఆ మనిషికి జ్వరమొస్తే నీకు సూది ఎవరు వేస్తారు, నీ బస్సు వేస్తుందా?" ఆయన నవ్వాడు. వేలెత్తాడు. వాన తగ్గాక, టైమంతా పాడైపోయిందని వెంట ఉన్న నర్సు గొణిగితే అక్క అన్నది ఇది: "నెలల తరవాత ఆయన ఒకదాన్ని కాదనగలిగాడు. నువ్వు ఏ మందు వేస్తే వచ్చేది ఆ నవ్వు?"

ఆ భార్య ఇవాళ ఇక్కడే ఉన్నారు. ముందు వరసలో. నవ్వుతున్నారు. నవ్వండమ్మా.

అక్క పాఠాలకి తరగతి గది తక్కువ, తన ఇంటి పడకగది ఎక్కువ. మమ్మల్ని ఒక్కొక్కరినీ తన మంచం మీద పడుకోబెట్టేది. చేతులు దుప్పటి కింద పెట్టి కదపకూడదు. ఇంకొకరు అన్నం తినిపించాలి, మొహం తుడవాలి, పక్కకి తిప్పాలి. బావగారు తలుపు దగ్గర నిలబడి, "నా మంచం మీద నేను పడుకున్నది తక్కువ, ఈ పిల్లలు పడుకున్నది ఎక్కువ" అనేవారు. అయినా దుప్పటి మార్చేది ఆయనే.

మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఉండేది, నోరు మూతపడదు, గలగల అని పిలిచేవాళ్ళం. అక్క దాన్ని పడుకోబెట్టి నన్ను తినిపించమంది. నాకు మామూలుగానే మాట రాదు. చెంచా నింపాను, నోట్లో పెట్టాను. మళ్ళీ నింపాను, మళ్ళీ పెట్టాను. నాలుగో చెంచాకి గలగల ఉమ్మేసి లేచి కూర్చుంది. "ఇదిగో పెడుతున్నాను అని ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయిందే? గోడకి సున్నం వేస్తున్నావా?" అక్క పగలబడి నవ్వింది. తరవాత నా వైపు తిరిగి మెల్లగా అంది. "మాట్లాడటం రాకపోతే ఫరవాలేదు. చెప్పటం రావాలి."

ఇంకో ఇంటి సంగతి చెప్తాను. అత్తగారికి షుగరు, కాలికి పుండు. కోడలు చూసుకుంటోంది. మాలో ఒకరు కట్టు కట్టడం పూర్తిచేసి, బాగా కట్టానా అన్నట్టు అక్క వైపు చూశారు. అక్క కట్టు చూడలేదు. "కోడలి కళ్ళు చూశావా?" అంది. ఆ కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. అక్క ఆ కోడలిని పక్క గదిలో పడుకోమని తలుపు దగ్గరగా వేసి, నర్సుని అత్తగారి దగ్గర కూర్చోబెట్టింది. "ఇప్పుడు నేనేం చెయ్యాలక్కా?" "ఏం చెయ్యకు. తిట్లు తిను. రోజూ ఆ పిల్ల ఒక్కతే తింటోంది, ఇవాళ నువ్వు పంచుకో." అత్తగారు నిజంగానే తిట్టింది. కోడలు సాయంత్రందాకా నిద్రపోయింది. లేచి, ముందు భయపడి, తరవాత ఏడ్చింది. ఇంటి దగ్గర చాకిరీ చేసే మనిషి కూడా మన రోగే అని మాకు ఏ పుస్తకమూ అంత బాగా చెప్పలేదు.

ఇంత చెప్పాను గానీ, నేను చెప్పాలని వచ్చిన సంగతికి ఇంకా రాలేదు. వాయిదా వేస్తున్నాను. భయపడినప్పుడు నేను అలాగే చేస్తాను.

చదువు మధ్యలో ఒకసారి నేను మానేస్తానని అక్కతో అన్నాను. వార్డులో అయితే పక్కనే ఇంకో నర్సు ఉంటుంది, డాక్టరు ఉంటాడు, కేకేస్తే పలుకుతారు. ఇంట్లో ఎవరుంటారు? నేను వచ్చేశాక ఊపిరి ఆడకపోతే? మందు తప్పు వేసుకుంటే? పక్కమీంచి జారిపడితే? ఇవన్నీ తలుచుకుంటే నాకు అన్నం సహించేది కాదు. అక్క అంతా విని, ధైర్యం చెప్పలేదు. "భయపడే నర్సే నాకు కావాలి," అంది. "భయం కళ్ళలో ఉండనీ. చేతుల్లోకి దిగనీకు."

నేను దాన్ని కళ్ళలోనే ఉంచుకోవడానికి ప్రయత్నిస్తున్నాను. ఇవాళ చేతుల్లోకి దిగింది. మీకు కనిపిస్తూనే ఉంది.

ఎందుకంటే, వెనక వరసలో కూర్చున్న ఈ పిల్లలు రేపు మొదటిసారి ఒంటరిగా ఇళ్ళకి వెళ్ళాలి. అక్క ఉండగా నిర్ణయించిన రోజది. నిన్న డైరెక్టరు గారు నన్ను పిలిచి అడిగారు. "పంపాలా, ఆపాలా? ఆవిడ తరవాత ఈ తరగతి నువ్వే చూడాలి. నువ్వే చెప్పు." ఇవాళ చెప్తానని వచ్చేశాను. పంపితే, తెలియక ఏదైనా పొరపాటు జరిగితే? ఆపితే, రేపు నర్సు వస్తుందని ఎదురుచూస్తున్న ఆ ఇళ్ళవాళ్ళ గతేంటి? కొందరు ఇక్కడే ఉన్నారు. నా మొహమే చూస్తున్నారు.

ఇళ్ళకి పంపే ముందు రోజు అక్క ఒక కథ చెప్పేది. అది వినకుండా ఏ నర్సూ ఆమె చేతి కింది నుంచి బయటికి వెళ్ళలేదు. ఆ ముందు రోజు ఇవాళే. కథ ఆమెది, తప్పు ఆమెది. చెప్పుకునే హక్కూ ఆమెదే. ఇంకొకరి తప్పుని పాఠంగా చెప్పడానికి నేనెవరిని? రాత్రంతా ఇదే ఆలోచించాను. అయినా చెప్తాను. పెద్దవాళ్ళు చాలాసార్లు విన్నారు, మన్నించండి. పిల్లలూ, మీరు వినండి.

అక్క ఎన్నో ఏళ్ళు వార్డులో చేసి, పేరు తెచ్చుకుని, అప్పుడు మొదటిసారి ఒక ఇంటికి వెళ్ళింది. ఆయన దర్జీ. పక్షవాతంతో కుడివైపు పోయింది, ఎడమ చెయ్యి పనిచేస్తుంది. ఆయన మంచానికి ఎడమవైపు ఒక స్టూలు, దాని మీద గ్లాసు, గ్లాసు మీద సాసరు, పక్కన కళ్ళజోడు. ఒళ్ళు తుడవడానికి, పక్క మార్చడానికి ఆ స్టూలు అడ్డమైంది. అక్క దాన్ని గోడవారగా జరిపింది. పని అంతా పూర్తిచేసింది. దుప్పటి మడత పడకుండా వేసింది. గది అద్దంలా ఉంది. తృప్తిగా చూసుకుని వెళ్ళిపోయింది.

స్టూలు గోడవారనే ఉండిపోయింది.

భార్య కొట్లో పనికి వెళ్ళింది, నర్సు వస్తుంది కదా అన్న ధీమాతో. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆయన పెదాలు ఎండి అంటుకుపోయి ఉన్నాయి. కళ్ళెదురుగా గ్లాసు. అందదు. పక్కింటివాళ్ళని పిలవొచ్చు కదా అని ఆవిడ ఏడిస్తే, ఆయన కూడబలుక్కుని అన్నాడట: "ఆ అమ్మాయి అంత పొందిగ్గా సర్ది వెళ్ళింది. ఎవరైనా వచ్చి చూస్తే ఆమెకి మాటొస్తుందని."

మర్నాడు అక్క వెళ్ళి, ఆయన మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన దిండుకి తల ఆనించి గది మొత్తం చూసింది. నిలబడి చూసిన గది వేరు, అక్కడి నుంచి కనిపించిన గది వేరు. అప్పటి నుంచి ఏ ఇంట్లోనైనా బయల్దేరే ముందు అలా చూడకుండా ఆమె గడప దాటలేదు. మమ్మల్నీ దాటనివ్వలేదు. నీళ్ళు కనిపిస్తున్నాయా? చెయ్యి చాపితే అందుతున్నాయా? పిలిచే గంట? కళ్ళజోడు? కిటికీ? కొత్తగా చూసినవాళ్ళు మేం కునుకు తీస్తున్నామనుకుంటారు. ఒక మామ్మగారైతే, "నీకూ నిద్రొస్తోందేమే? కాస్త జరగనా?" అంది.

పిల్లలూ, కథ అయిపోయింది. ఇక మీరు కూడా విన్నవాళ్ళలోకి చేరారు.

డైరెక్టరు గారూ, రేపు వాళ్ళని పంపండి. ఏ ఇంట్లో ఏ అనుమానం వచ్చినా నాకు ఫోన్ చెయ్యమనండి. నాకు భయంగానే ఉంది. భయంగానే వస్తాను.

ఇప్పుడు అందరం లేచి నిలబడదాం. నిలబడలేనివాళ్ళు కూర్చునే ఉండండి, అక్క ఎవరినీ బలవంతంగా లేపి ఎరగదు. కాసేపు మౌనంగా ఉందాం. ఆ మౌనంలో, మీ ఇంట్లో మంచం మీద ఉన్న మనిషికి ఈ క్షణాన ఏం కనిపిస్తోందో, ఏం అందుతోందో తలుచుకోండి. అక్కకి అది చాలు.

లేచే ముందు ఒక్క మాట. ఆ కథ చెప్పడానికి నేనెవరినని ఇందాక అన్నాను.

ఆ దర్జీ మా తాతయ్య.