ఈల పుస్తకం

కర్మాగారం ఆసుపత్రి గది. కిటికీ అవతల క్రేన్ల షెడ్డు. నర్సు, కంప్యూటరు సెక్షన్ నుంచి వచ్చిన మనిషి.

"పట్టికలో ఒక్క గడి, సిస్టర్. ఒక్క గడి మార్చడానికి ఇంత మొహమాటం దేనికి? ఏ గడో చెప్పండి."

"ముందు మీరు టీ తాగండి."

"తాగేశాను. ఇందాక మీరే ఇచ్చారు, ఖాళీ కప్పు మీ చేతిలోనే ఉంది. ఇంట్లోనూ రెండుసార్లు తాగొచ్చాను. మా అన్నయ్య ఇవాళే ఇక్కడ పనిలో చేరాడు, పొద్దున్నే ఇల్లంతా హడావిడి."

"అలాగా. సరే... ఇవాళ్టి నుంచి నేనిక్కడ రాసింది అందరికీ కనబడుతుందన్నారు. అందరికీ అంటే?"

"అందరికీ అంటే అందరికీనండీ. గేటు, స్టోరు, భద్రత, క్రేన్ల సెక్షను. ఇదివరకు ఒకే మనిషి గురించి ఆరు పుస్తకాలు. ఒకదాంట్లో పొట్టి, ఇంకోదాంట్లో పొడుగు. ఇప్పుడు కంప్యూటర్లో ఒకటే పట్టిక, మనిషికి ఒక్క వరస. ఎవరు తెరిచి చూసినా అదే. ఊరికే నన్ను దువ్వెన అంటారా?"

"చిక్కులు తీస్తారనా?"

"పేలు కూడా తీస్తాను. రెండుసార్లు రాసినవన్నీ పేలే."

"క్రేన్ల దగ్గర మేస్త్రీ పొద్దున్నే ఈల పరీక్ష చేస్తాడు కదా. వెనకాల నిలబడి ఊదితే క్రేను మనిషి చెయ్యెత్తాలి. అది ఉంటుందిగా?"

"లేదండీ. తీసేయించాను. మీ దగ్గర చెవుల పరీక్ష ఉండగా మళ్ళీ ఈలెందుకు?"

"ఎప్పట్నుంచి?"

"ఇవాళ్టి నుంచే. మేస్త్రీ గొణిగాడనుకోండి. ఆయన గొణగనిదెప్పుడు? ఏమైందండీ, కూర్చోండి."

"నిలబడే ఉంటాను. ఆ మేస్త్రీ... తన పుస్తకంలో ఏం రాసేవాడో చూశారా?"

"చూడకుండా ఎలా ఎక్కిస్తాను? అంతా బాగానే ఉంది. మూడో క్రేను పెద్దాయన దగ్గరే పేచీ వచ్చింది. మేస్త్రీ పుస్తకంలో మూడు నెలలుగా రోజూ 'చెయ్యి ఎత్తలేదు', 'చెయ్యి ఎత్తలేదు'. మీ పుస్తకంలో 'రెండు చెవులూ బాగున్నాయి'. ఒకే మనిషికి రెండు మాటలు ఉండకూడదు కదా. ఏదో ఒకటే ఉంచాలి."

"ఏది ఉంచారు?"

"మీదే. కింద డాక్టరు గారి సంతకం ఉంది. మేస్త్రీది ఉత్త ఈల. ఆ ఈలే పాడైందేమో అనుకున్నాను."

"డాక్టరు గారు నేను రాసింది చదవరు. సంతకం పెడతారంతే."

"అయితే?"

"ఆయన మా బాబాయ్."

"ఎవరు, డాక్టరు గారా?"

"మూడో క్రేను ఆయన. నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. పరీక్షకొచ్చి ఇక్కడే, మీరు కూర్చున్న చోటే కూర్చున్నాడు. వెనక నిలబడి 'బాబాయ్' అన్నాను. మూడుసార్లు. తిరగలేదు. నాలుగోసారి భుజం తట్టాను. 'రాసేశావా తల్లీ' అన్నాడు."

"రాసేశారా?"

"ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతాడు. ఇప్పుడు క్రేను మీంచి దింపి గేటు దగ్గర స్టూలేసి కూర్చోబెడితే ఆ మనిషి తట్టుకోలేడు. అయినా... ఈల పరీక్ష ఉందిగా అనుకున్నాను. దింపేదేదో మేస్త్రీయే దింపుతాడు, నా చేత్తో ఎందుకని."

"మేస్త్రీ దింపలేదే."

"దింపడు. ఇద్దరూ ఒకే ఏడు చేరారు, ఒకే బెంచీ మీద అన్నం తింటారు. దింపకుండా ఎలా నెట్టుకొస్తున్నాడా అని రోజూ ఈ కిటికీలోంచి చూసేదాన్ని. ఎర్రజెండా పట్టుకుని ఒకాయన క్రేను ఎదురుగా నిలబడేవాడు. కింద ఎవరు కేకేసినా ఆయన జెండా ఊపేవాడు. బాబాయ్ ఆపేవాడు. ఇవాళ ఆయన కనబడట్లేదు."

"జెండా ఆయనా... ఆయన్ని స్టోరుకి పంపించేశాం."

"ఎవరు పంపింది?"

"నేనే. అంటే... పట్టికే చెప్పిందండీ. ఏ క్రేనుకీ లేని జెండా మనిషి ఆ ఒక్క దానికే కనబడ్డాడు. చెవులు బాగున్న మనిషికి జెండా ఎందుకు? మేస్త్రీని అడిగితే నేల చూశాడు. చెప్పొచ్చుగా!"

"ఏం చెప్తాడు? మూడు నెలలుగా దాస్తున్నానని చెప్తాడా? నేను చెప్పానా?"

"ఆగండి, ఆగండి. ఇప్పుడేం కాలేదు. మీరు చెప్పండి, నేను మారుస్తాను. 'బాగున్నాయి' తీసేసి... ఏమని రాయను?"

"రాయడం తర్వాత. ఇవాళ మూడో క్రేను కింద దూలాలకి కొక్కెం తగిలించేది ఎవరు?"

"మూడో క్రేను కిందా... అక్కడ..."

"దువ్వెన గారూ."

"మా అన్నయ్య."

"కొత్తగా చేరిన అన్నయ్యా?"

"పట్టికలో అక్కడ ఖాళీ కనబడితే నేనే... అబ్బే, ఏం ఫర్లేదండీ. మా అన్నయ్య గొంతు మీకు తెలీదు. వాడు ఇంట్లో ఉప్పడిగితే వీధి చివర వాళ్ళు తెచ్చిస్తారు. ఒక్కసారి 'ఆపు' అన్నాడంటే..."

"పైన కూర్చున్న మనిషికి సరిగ్గా కిందున్న వాళ్ళు కనబడరండీ. కేక విని ఆపాలి."

"అదేనండీ, మా అన్నయ్య కేక..."

"చెవి వెనక ఈల ఊదితే చెయ్యెత్తలేదు. మూడు నెలలు."

"ఫోన్! క్రేనులో ఫోన్ ఉంటుందిగా. ఇదిగో, నంబరు కూడా పట్టికలోనే... మోగుతోంది. మోగుతోందండీ."

"అది పెట్టేసి పరిగెత్తండి."

"మోగుతూనే ఉంది, ఎత్తట్లేదేంటి..."

"ఎలా ఎత్తుతాడు? పదండి, నేనూ వస్తున్నా, పదండి!"

"ఉండండి. ష్. అదేంటి?"

"షెడ్డులోంచి."

"అన్నయ్య. మా అన్నయ్య గొంతే అది. ఆపమంటున్నాడు. చూశారా, చెప్పానా, ఎంత దూరం వినబడుతుందో..."

"మనకి వినబడుతోందండీ."